గుండ్లను ఆపే బొంత

రాంగోపాల్‌పేట్‌లో షంషీర్ కుట్టిన బొంత లేని ఇల్లు వెతికినా దొరకదు. పెళ్లిళ్లకు పరుపులు, బాలింతలకు మెత్తటి పక్కలు, చలికాలానికి రజాయిలు, అన్నీ అతని దుకాణం నుంచే పోతాయి. తాత దూదేకిన చోటే ఇప్పుడతను మెషీన్లు పెట్టుకుని కుడుతున్నాడు. మనిషికి నిద్ర ఎలా పడుతుందో డాక్టర్ల కన్నా తనకే బాగా తెలుసని అతని నమ్మకం. ఆ నమ్మకాన్ని ఎవరైనా కాస్త కదిపితే ముఖం మాడ్చుకుని రెండు రోజులు మాట్లాడడు. అలాంటి మనిషిని కన్నకూతురే వచ్చి, సీసపు గుండ్లు పడటానికి ఒక పక్క కుట్టిపెట్టమని అడిగింది.

కూతురి పేరు జన్నత్. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. కాలేజీలో ఎన్‌సీసీలో చేరి అక్కడ ఎయిర్ రైఫిల్ చేతబట్టింది. ఇక దాన్ని వదల్లేదు. పది మీటర్ల దూరాన కాగితం మీద ఉన్న నల్లటి చుక్కలోకి, మినపగింజంత సీసపు గుండును గాలి ఒత్తిడితో పంపాలి. వినేవాళ్లకు పిల్లల ఆటలా అనిపిస్తుంది గానీ ఆ మినపగింజ కంటికి తగిలితే కన్ను పోతుంది. ఆ సంగతి తల్లి హజీరాకు ఎవరో చెప్పారు. అప్పటినుంచి ఆ తుపాకి పెట్టె ఉన్న మూలలో ఆమె చీపురు కూడా పెట్టడం లేదు.

జన్నత్ బొల్లారంలో ఒక క్లబ్బుకు పోయి నేర్చుకునేది. మొన్నటి గాలివానకు అక్కడి రేకులు లేచిపోయాయి. మరమ్మతు అయ్యేదాకా షూటింగ్ రేంజి మూసేశారు. సరిగ్గా వచ్చే నెలలోనే రాష్ట్ర జట్టుకు ఎంపిక పోటీలు. కోచ్ ఊర్మిళ మేడం ఫోన్ చేసి, చెయ్యి ఖాళీగా ఉంటే ఇన్నాళ్ల కష్టం నీళ్లపాలవుతుందని, ఇంట్లోనే ఏదో ఒక ఏర్పాటు చేసుకొమ్మని చెప్పింది. ఏర్పాటు అంటే ముందు కావలసింది పది మీటర్ల పొడవు. రాంగోపాల్‌పేట్‌లో అంత పొడవైన డాబా పెద్ద పెద్ద సేట్లకు తప్ప ఎవరికుంటుంది? షంషీర్ డాబా మీద రెండు మంచాలు వేస్తే మూడో మంచానికి చోటుండదు.

కానీ పక్కనే బుచ్చమ్మ డాబా ఉంది. రెండిళ్ల మధ్య మోకాలెత్తు పిట్టగోడ, అంతే. ఇటు నిలబడి కొడితే, అటు చివర కాగితం పెడితే, పది మీటర్లు సరిపోతాయి. చిక్కల్లా ఆ అటు చివరలోనే ఉంది. అక్కడ ఒక రేకుల గది ఉంది. అందులో బుచ్చమ్మ కొడుకు విజయేందర్, కోడలు నవత, వాళ్ల పసివాడు పడుకుంటారు. కాగితం పెట్టాల్సింది ఆ గది గోడకే. ఆ గోడకు ఒక కిటికీ కూడా ఉంది.

బుచ్చమ్మ మంచిది. షంషీర్ ఆమెను వదినా అని పిలుస్తాడు. ఆమె మొగుడు బతికున్న రోజుల్లో ఇద్దరూ అన్నదమ్ముల్లా మెలిగారు. అడగ్గానే ఆమె, పిల్ల ఆడుకుంటానంటే అభ్యంతరమేముంది, కానీ వాణ్ణి ఒక మాట అడుగు, అంది. వాడంటే విజయేందర్. లిఫ్టుల మెకానిక్కు. ఏ తాడు ఎప్పుడు తెగుతుందో, ఏ బోల్టు ఎప్పుడు ఊడుతుందో పొద్దస్తమానం ఆలోచించే ఉద్యోగం అది. పైగా పెళ్లయిన ఎన్నో ఏళ్లకు, ఆసుపత్రుల చుట్టూ తిరగ్గా తిరగ్గా పుట్టిన కొడుకు. ఇప్పుడిప్పుడే పాకుతున్నాడు. విజయేందర్ కాదనలేదు, అలాగని అవుననలేదు. ముందు కట్టి చూపించమన్నాడు, ఆదివారం చూసి చెప్తానన్నాడు. ఆ జవాబు షంషీర్‌కు నచ్చలేదు. తన పనిని పరీక్ష చేస్తాననే గిరాకీని అతను దుకాణం మెట్లు కూడా ఎక్కనివ్వడు.

ఊర్మిళ మేడం చెప్పినవి జన్నత్ వరసగా ఒప్పజెప్పింది. వెనక మందపాటి ఇనప పలక ఉండాలి. అది నిటారుగా ఉండకూడదు, పైఅంచు కొట్టేవాళ్ల వైపు వంగి ఉండాలి. అలా ఉంటే తగిలిన గుండు ఎగరకుండా కిందికి జారుతుంది, కింద ఇసుక పెట్టెలో పడుతుంది. పలక ముందు దళసరి గుడ్డ వేలాడాలి. అంతా విని షంషీర్ నవ్వాడు. ఇంత చిన్న గుండుకు ఇనుమెందుకు, నా దూది చాలదా అన్నాడు. రెండు రోజులు కూర్చుని ఒక బొంత కుట్టాడు. నాలుగు బొంతల దూది ఒక్కదాంట్లో కుక్కి, దగ్గర దగ్గరగా కుట్లు వేసి, కర్ర చట్రానికి లాగి కట్టాడు. వేలితో కొడితే డప్పులా మోగింది. తన జీవితంలో ఇంత బిగువైన బొంత కుట్టలేదని హజీరాకు చెప్పుకున్నాడు కూడా.

దాన్ని తమ డాబా మీదే మెట్ల గది గోడకు ఆనించి, కింద తలుపుకు గడియ పెట్టి, జన్నత్ కొట్టి చూసింది. మొదటి గుండు దూదిలో ఆగింది. రెండోది ఆగింది. షంషీర్ తృప్తిగా చాయ్ తాగడానికి దిగాడు. చాయ్ సగం తాగేసరికి పైనుంచి పిలుపు వచ్చింది. పోయి చూస్తే గోడ సున్నం రాలి కిందపడి ఉంది. అక్కడే వచ్చింది తంటా. ఇంకెవరైనా కొడితే గుండ్లు చెల్లాచెదురుగా పడి ఆ బొంత ఏడాది ఆగేది. జన్నత్ కొట్టిన ప్రతి గుండూ రూపాయి బిళ్లంత చోటులోనే పడింది. ఒకదాని వెనక ఒకటి పోయి దూదిని తొలిచేశాయి. కూతురి చెయ్యి ఎంత మంచిదో షంషీర్‌కు అప్పుడు తెలిసింది. సంతోషపడాలో తలపట్టుకోవాలో తెలియక ఆ కన్నంలో వేలు పెట్టి కాసేపు అలాగే నిలబడ్డాడు.

ఇక బెట్టు చెయ్యకుండా రాణిగంజ్ పోయి పాత ఇనుములో మందమైన పలక ఒకటి ఏరి తెచ్చాడు. చట్రం చేయించి, పలకను ముందుకు వంచి బిగించాడు. కింద ఇసుక పెట్టె అమర్చాడు. కిటికీ మొత్తం మూసుకుపోయేలా, దాని చుట్టూ ఇంకా జానెడు ఎక్కువే ఉండేలా వెడల్పు చూసుకున్నాడు. అన్నీ బాగానే చేశాడు గానీ గుడ్డ దగ్గరికి వచ్చేసరికి చెయ్యి మాట వినలేదు. గుడ్డ వదులుగా వేలాడాలి. తగిలినప్పుడు అది ఊగి గుండు జోరును మింగాలి, ఇనుముకు తగిలి ఎగిరిన తునకలను వెనక్కి రానివ్వకూడదు. షంషీర్ వృత్తిలో వదులంటే తప్పు. అతను కట్టడం, జన్నత్ వచ్చి సడలించడం, ఆమె అటు తిరగ్గానే అతను మళ్లీ లాగి కట్టడం, ఇలా ఒక పూటంతా గడిచింది. చివరకు హజీరా విసుక్కుని, తుపాకి నీదా, పిల్లదా అని అడిగితే చేతులు తీశాడు. పాకే పిల్లవాడున్న ఇల్లు కాబట్టి, రాలిన సీసపు పొడిని చీపురుతో లేపకుండా రోజూ తడిగుడ్డతో తుడవాలని జన్నత్ తనకు తానే ఒక నియమం పెట్టుకుంది.

ఆదివారం ఆ అడ్డును నలుగురు పట్టి పిట్టగోడ దాటించి, రేకుల గది గోడ ముందు నిలబెట్టారు. గోడకూ దానికీ మధ్య మనిషి కూర్చునేంత సందు ఉంచారు. బుచ్చమ్మ కుర్చీ వేసుకుంది. నవత బాబును చంకనేసుకుని డాబా ఇవతలి మూలన నిలబడింది. విజయేందర్ లిఫ్టును చూసినట్టే చూశాడు. పలకను ఊపాడు, బోల్టులు తిప్పాడు, వెనకకు పోయి కిటికీ వైపు నుంచి వెలుతురు కనపడుతుందేమో వంగి చూశాడు. ఏమీ వంక దొరకలేదు. అయినా లేచి నిలబడి, చేతులు దులుపుకుంటూ అడిగాడు.

"పక్కానేనా కాకా? లోపల పిల్లగాడు పంటడు."

అతను అడిగింది తండ్రిగా. షంషీర్‌కు మాత్రం అది తన పనికి అవమానంగా తోచింది. వాళ్ల ఇంట్లో తాత నాటినుంచి ఒక పద్ధతి ఉంది. పరుపు తీసుకుపోయి గిరాకీ ఇంట్లో పరిచాక, ఇదెలా ఉంటుందని వాళ్లడిగితే నోటితో జవాబు చెప్పరు. కుట్టినవాడే ముందు దాని మీద వెల్లకిలా పడతాడు. ఒళ్లే జవాబు. కూతురి తుపాకి, ఎదుటివాళ్ల పసివాడు, అన్నీ ఆ క్షణాన షంషీర్‌కు పరుపు బేరంలాగే కనిపించాయి. ఎవరూ ఆపేలోపల అడ్డు వెనక సందులోకి దూరి, గొంతుక్కూర్చుని, గట్టిగా అన్నాడు.

"నేను ఎనక కూసున్న. కొట్టు బిడ్డా. అందరు చూడుండ్రి."

జన్నత్ అప్పటికి రైఫిల్ చేతిలోకి తీసుకుని ఉంది. తండ్రి గొంతు ఎక్కడినుంచి వస్తోందో తెలిసేసరికి ముఖం పాలిపోయింది. రైఫిల్‌లో గుండు పెట్టే చోటు తెరిచి, లోపల ఏమీ లేదని చూసుకుని, దాన్ని బల్ల మీద పెట్టింది. రెండడుగులు వెనక్కి జరిగి నిలబడింది.

"నేను కొట్ట నాయినా. బయటికి రా."

షంషీర్ రాలేదు. గుడ్డ చాటునుంచే, తన పని మీద నమ్మకం లేదా అని అడిగాడు. ఉందని చెప్పింది. మరి కొట్టడానికి ఏం రోగమన్నాడు.

"ఎనక మనిషి ఉంటే కొట్టొద్దు. గంతే," అంది జన్నత్. ఆ తర్వాత ఎంత బతిమాలినా, ఎంత కసిరినా, ఆమె బల్ల దగ్గరికి రాలేదు.

మోకాళ్లు నొప్పెట్టి షంషీర్ చివరికి తనే బయటికి వచ్చాడు. లుంగీకి సున్నం, తలకు బూజు. నవ్వాల్సిన దృశ్యమే, కానీ అక్కడ ఎవరికీ నవ్వు రాలేదు. విజయేందర్ బాధగానే మాట్లాడాడు.

"తప్పు పట్టకు కాకా. నాయిన కూసుంటేనే కొట్టనన్న పిల్ల, నా కొడుకు పన్నంక కొడ్తదా? బిడ్డకే నమ్మకం లేదు, గిది మనకొద్దు తియ్."

ఎవరి ఇళ్లలోకి వాళ్లు దిగిపోయారు. హజీరా అన్నం పెడితే కంచం ముందు కూర్చున్నాడు గానీ ముద్ద దిగలేదు. ఊరంతటికీ పక్కలు కుట్టిన మనిషిని సొంత కూతురే నలుగురిలో నమ్మలేదు. ఆ మాటే అన్నాడు. నలుగుర్ల నా ఇజ్జత్ తీసినవ్ అన్నాడు. ఇంకా ఏవేవో అన్నాడు, అవి రాయదగినవి కావు. జన్నత్ తుపాకిని తుడిచి పెట్టెలో పెడుతోంది. రోజూ పెట్టినట్టు కాదు, ఇప్పట్లో తీయని వస్తువును సర్దినట్టు అడుగున గుడ్డ పరిచి పెడుతోంది. పోటీలు పోయినట్టేనని ఆమెకు తెలుసు. పెట్టె మూసి, దాని మీద చెయ్యి ఉంచి, తండ్రి వైపు చూడకుండా మాట్లాడింది.

"నీ ఇనుము మీద, నీ కుట్టు మీద నాకు డౌటు లేదు నాయినా. నా చెయ్యి మీద ఉన్నది. ఎంత మంచి చెయ్యైనా ఎప్పుడో ఒక్కపారి జారుతది. గా ఒక్కటి నీకు తగిల్తే నేను ఎట్ల బతకాలె?"

కళ్లనీళ్లు పెట్టెమీద పడ్డాయి. ఆమె వాటిని చున్నీతో తుడిచింది, ముందు పెట్టెను, తర్వాత ముఖాన్ని. షంషీర్ కంచం వదిలి లేచాడు. ఓదార్చాలని ఉంది, కానీ అప్పుడే అన్న మాటలు ఇంకా ఆ గదిలోనే ఉన్నట్టుంది అతనికి. పానా తీసుకుని డాబా మీదికి పోయాడు. వద్దన్నవాళ్ల ఇంట్లో మన సామాను ఎందుకని, ఆ అడ్డును విప్పేసి తెచ్చుకుందామనుకున్నాడు.

ఎండ తగ్గింది. మొదటి బోల్టు విప్పుతుండగా గది తలుపు తీసుకుని నవత బయటికి వచ్చింది. బాబు ఆమె భుజం మీద ఉన్నాడు. అప్పటిదాకా లోపల మొగుడూ పెళ్లాలకు వాదన జరిగినట్టుంది, ఆమె ముఖం ఎర్రగా ఉంది. ఆ ఇంట్లో అందరికన్నా తక్కువ మాట్లాడే మనిషి. పెళ్లయి వచ్చినప్పటినుంచి షంషీర్‌తో ఆమె మాట్లాడిన మాటలు గుప్పెడు కూడా ఉండవు.

"ఇప్పకు మామా. జన్నత్‌ను జెర పిలువు," అంది.

జన్నత్ వచ్చింది. ఏడ్చిన ముఖం కడుక్కుని వచ్చింది గానీ కళ్లు చెబుతూనే ఉన్నాయి. వెనకే హజీరా కూడా మెట్ల మీద నిలబడింది. నవత బాబును కిందికి దించకుండా, సూటిగా జన్నత్‌నే అడిగింది.

"మీ అన్న అడిగిందే నేను అడుగుత. మా బాబు గదిల ఉంటే కొడ్తవా?"

"కొట్ట వదినా. పెద్దమ్మ ఉన్నా కొట్ట. పిల్లి ఉన్నా కొట్ట. గది ఖాళీ అయినంకనే పెట్టె మూత తీస్త."

"ఖాళీ ఉన్నదనుకుంటవ్. నేను నీకు చెప్పకుండ లోపలికి పోత. అప్పుడు?"

"నేను అనుకోను," అంది జన్నత్. "గదికి తాళం ఏసి నాకియ్యి. తాళంచెవి నా జేబుల ఉన్నంతసేపే కొడ్త. నీకు గది కావాలంటే నన్ను ఆపి అడగాలె."

గది గుమ్మంలో విజయేందర్ నిలబడి వింటున్నాడు. ఎప్పుడు వచ్చాడో ఎవరూ చూడలేదు. లిఫ్టు బాగు చేయడానికి కింది గుంటలోకి దిగే ముందు అతను రోజూ చేసే పని ఒకటుంది. మెయిన్ స్విచ్చి ఆపి, దానికి తాళం వేసి, ఆ తాళంచెవి తన జేబులో వేసుకునే దిగుతాడు. నేను చూసుకుంటాలే అని ఎంత దగ్గరివాడు చెప్పినా ఇవ్వడు. అలా ఇచ్చిన ఒక దోస్తు గుంటలో ఉండగా పైనున్నవాడు మరిచిపోయి స్విచ్చి వేశాడు. ఆ దోస్తును మోసుకొచ్చిన వాళ్లలో విజయేందర్ ఒకడు. ఇంట్లో ఆ సంగతి నవతకు తప్ప ఎవరికీ తెలియదు.

విజయేందర్ అడ్డు దగ్గరికి వచ్చి, షంషీర్ చేతిలోని పానా తీసుకుని, అతను విప్పిన బోల్టును మళ్లీ బిగించాడు.

"ఇనుము చూసి ఒప్పుకుందామనుకున్న కాకా. ఎంత చూసినా ధైర్యం రాలె. బిడ్డ తాళంచెవి అడిగినంక వచ్చింది," అన్నాడు. "పొద్దుగాల నువ్వు కూసున్నప్పుడు బిడ్డ కొట్టి ఉంటే, సరే అని ఒప్పుకుందును. ఒప్పుకున్న దినంనుంచి పిల్లగాన్ని గీ గదిల పండబెట్టకపోదును."

ఒప్పుకున్నా విజయేందర్ నమ్మేవాడు కాదన్నమాట అనుకున్నాడు షంషీర్. తను చూపించాలనుకున్న గొప్పంతా, కూతురు ఆ మాట విని ఒక్క గుండు వదిలి ఉంటే, ఏమయ్యేదో అప్పుడు కళ్లముందు కనిపించింది. గుడ్డ వదులుగా ఉంది, పలక వంగి ఉంది, అంతా సరిగ్గానే ఉంది, నిజమే. ఆ సరిగ్గా ఉన్నదాని వెనక తన తల ఉంది. ఆ తలను తీసుకెళ్లి అక్కడ పెట్టింది ఎవరో కాదు, తనే. పెట్టి, కొట్టమని కన్నబిడ్డను కసిరాడు. ఇసుక పెట్టె అంచు పట్టుకుని కూర్చున్నాడు. జన్నత్ వచ్చి పక్కన నిలబడితే, ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఇందాక అన్న మాటలు మనసులో పెట్టుకోకని చెబుతున్నట్టు దాన్ని గట్టిగా నొక్కాడు. ఆమె చెయ్యి వెనక్కి తీసుకోలేదు, అదొక్కటే అతనికి ఊరట.

మర్నాడు పొద్దున్నే రెండిళ్లవాళ్లూ ఇటు డాబా మీదికి చేరారు. నవత ఒక చాప తెచ్చి వేసింది. బుచ్చమ్మకు మోకాళ్ల నొప్పులు, పిట్టగోడ దాటడానికి ఇద్దరు చేయి పట్టుకోవాల్సి వచ్చింది, అయినా తాను రాకపోతే ఎలాగని వచ్చింది. విజయేందర్ డ్యూటీకి తయారై వచ్చి, గదికి తాళం వేసి, గుంజి చూసి, తాళంచెవి తెచ్చి జన్నత్ చేతిలో పెట్టాడు. ఇక పోవచ్చు గానీ పోకుండా మెట్ల దగ్గర ఆగాడు. బాబు ఎవరి దగ్గరా ఉండనని గింజుకుంటే షంషీర్ ఎత్తుకుని చాప మీద కూర్చున్నాడు.

జన్నత్ తాళంచెవిని జేబులో వేసుకుని, అప్పుడు పెట్టె మూత తీసింది. రైఫిల్ చేతిలోకి తీసుకునే ముందు వెనక్కి తిరిగి ఒక్కొక్కరినీ చూసింది. చూస్తే చాలదన్నట్టు ఒక్కొక్కరినీ అడిగింది కూడా. గదిలో ఎవరూ లేరని నవత చెప్పింది. డాబా మీద అటువైపు ఎవరూ లేరని బుచ్చమ్మ చెప్పింది. విజయేందర్ కూడా చెప్పాల్సి వచ్చింది. అందరూ అయ్యాక ఆమె ముందుకు తిరిగి, భుజానికి రైఫిల్ ఆనించబోయి, మళ్లీ ఆగింది.

"నాయినా, నువ్వు ఏడున్నవ్?"

ఇప్పుడే చూసింది, తండ్రి వెనక చాప మీదే ఉన్నాడని ఆమెకు తెలుసు. అయినా అడిగింది. నిన్నటిదాకా ఇంకొకరు తన పనిని పరీక్షిస్తే ముఖం మాడ్చుకున్న మనిషి, బాబు చెవులు రెండూ అరచేతులతో మూసి, బుద్ధిమంతుడైన బడిపిల్లవాడిలా జవాబు చెప్పాడు.

"ఈడనే ఉన్న బిడ్డా. నీ దగ్గర్నే ఉన్న."

ఆమె ఊపిరి సగం వదిలి ఆపింది. టప్‌మని చిన్న చప్పుడు. అవతల వదులుగా వేలాడుతున్న గుడ్డ ఒక్కసారి ఊగింది, ఇసుకలో ఏదో పడింది. బాబు ఉలిక్కిపడలేదు, షంషీర్ మీసం పట్టుకుని లాగుతున్నాడు. కాగితంలో గుండు ఎక్కడ పడిందో అందరూ మెడలు సాచి చూస్తున్నారు. షంషీర్ మాత్రం అటు చూడలేదు. కూతురి వీపునే చూస్తూ, కళ్లు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేక, అలాగే కూర్చున్నాడు.